లినక్స్ కెర్నెలునందలి స్థిరత్వసంజ్ఞలు

వ్యాకరణమున నొక కార్యమును విధించుటతోనే శాస్త్రకారుని పని ముగియదు. ఆ కార్యము నిత్యమా, వైకల్పికమా, బహుళమా యనునదియుఁ జెప్పవలయును. ఉత్తునకు అచ్చు పరమగునపుడు సంధి నిత్యము, ఏమ్యాదుల యిత్తునకు వైకల్పికము, అత్తునకు బహుళము. బాలవ్యాకరణము చదివిన విద్యార్థి యీ మూఁడు సంజ్ఞలను బట్టియే తాను వ్రాయు వాక్యమునఁ దనకెంత స్వేచ్ఛ గలదో తెలిసికొనును. నిఘంటువులందును నిట్లే. శబ్దరత్నాకరమునఁ బదము ప్రక్కనే యది సంస్కృతమా, దేశ్యమా, విశేష్యమా, విశేషణమా యని తెలుపు పొడియక్షరములు గలవు. అర్థముకంటె ముందు చదువరి కన్నులఁ బడునవి యవియే.

కంప్యూటరు ప్రోగ్రాములను రచించువారికిని నిట్టి సంజ్ఞల యవసరము కలిగినది. ఒక ప్రోగ్రాము నాధారముగఁ గొని మఱొకదానిని, దాని నాధారముగఁ గొని వేఱొకదానిని వ్రాయుట యీ విద్యలో నిత్యకృత్యము. ఆధారమగు ప్రోగ్రామునందలి సౌకర్యము రేపును నిట్లే యుండునా, మాఱునా, తొలఁగింపఁబడునా యనునది దానిపైఁ గట్టుకొనువాఁడు ముందుగ నెఱుఁగవలయును. ఓపెన్ సోర్సు ప్రోగ్రాములందు, అనఁగా మూలపాఠము నెల్లరు చదివి, దిద్ది, పంచుకొనుట కనుమతి గల ప్రోగ్రాములందు, ఈ యక్కఱ మఱింత హెచ్చు. పెద్ద ప్రోగ్రాములను దిద్దువారు వేలకొలఁది. వాడువారి లెక్క యెవరికిని దెలియదు. ఈ యిరువాగులకును నడుమఁ గ్రయవిక్రయముల యొడంబడిక లేదు. వెల యిచ్చి కొన్నవాఁడు అమ్మినవానిని నిలవేసి యడుగఁగలఁడు. ఉచితముగఁ గైకొన్నవానికి ఆ యధికారము లేదు. లైసెన్సు పత్రములలోనే యే పూచీయు లేదని వ్రాయఁబడి యుండును. కావున నే సౌకర్య మెంత నమ్మఁదగినదో తెలుపు లేఖనమే యక్కడఁ బూచీవలె నిలువవలసివచ్చినది.

అట్టి లేఖనము లెట్లు పుట్టినవి, ఏ మేరకు ఫలించినవి యని పరిశీలించుటకు లినక్స్ కెర్నెల్ చరిత్ర మంచి యుదాహరణము. అందుఁ దేలునది యిది: అక్కడ స్థిరత్వమును శాసించినది పత్రము గాదు, ప్రయోగము. పత్రమువలన మేలు లేకపోలేదు గాని, ఆ మేలు సామాన్యముగఁ దలఁచెడి చోట లేదు.

కెర్నెలనఁగాఁ గంప్యూటరు యంత్రభాగములకును, ఆ యంత్రముపై నడచు ప్రోగ్రాములకును నడుమ నుండి, మెమొరీని బంచుట, డిస్కును జదువుట, నెట్‌వర్కును నడపుట మున్నగు పనులను జేయు ప్రధాన ప్రోగ్రాము. లినక్స్ కెర్నెలును 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. నేఁడు ఆండ్రాయిడ్ ఫోనులలో నున్నదియు నదియే. పెద్దపెద్ద సర్వరులను నడపుచున్నదియు నదియే. ఒక ప్రోగ్రాము మఱొకదానితో వ్యవహరించుట కేర్పడిన ముఖమును ఇంటర్‌ఫేసు అందురు. కెర్నెలునందు ఇవి రెండు విధములు. కెర్నెలులోని యొక భాగము మఱొక భాగముతో వ్యవహరించునవి యంతరములు; వెలుపలి ప్రోగ్రాములు కెర్నెలుతో వ్యవహరించునవి బాహ్యములు.

అంతరములకు స్థిరత్వ మెన్నఁడును వాగ్దానము చేయఁబడలేదు. కెర్నెల్ పోషకులలోఁ బ్రముఖుఁడగు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఈ విషయమునే యొక వ్యాసముగ వ్రాసి కెర్నెల్ పత్రములలోఁ జేర్చినాఁడు. స్థిరమగు నంతర ఇంటర్‌ఫేసును గోరుటయే యర్థము లేని కోరిక యని దాని పేరులోనే సూచించినాఁడు. ఇందలి హేతువు గ్రంథరచన యెఱిఁగినవారికి సులభముగఁ దెలియును. గ్రంథకర్త తన మొదటి యధ్యాయమునందలి పారిభాషికపదము నొకదానిని మార్చినచో, తక్కిన యధ్యాయములందును దానే మార్చుకొనఁగలఁడు. కాని యచ్చైన పిదప నా గ్రంథమునుండి యితరులు తమ గ్రంథములలోనికి నెత్తి వ్రాసికొన్న వాక్యములను మార్చఁజాలఁడు. ఆ గ్రంథము లెన్ని గలవో, ఎచ్చట గలవో కూడ నెఱుఁగఁడు. కెర్నెలులోని భాగములన్నియు నొక్క మూలపాఠమున నున్నవి గనుక, ఒకదానిని మార్చినవాఁడు దానిపై నాధారపడిన వాని నన్నిఁటిని దానే వెదకి దిద్దును. బాహ్యముల నాశ్రయించిన ప్రోగ్రాము లట్లు చేతికందునవి గావు. సంస్కరణసంఖ్య 0.9 దాఁటని కాలమునఁ దయారైన ప్రోగ్రాములు 2.6 సంస్కరణముపైనఁ గూడఁ జక్కఁగ నడచుచున్నవని యా వ్యాసమునందే చెప్పఁబడినది. ఈ భేదమును మఱచి లినక్సు నొకరు నిలుకడ లేనిదనియు, వేఱొకరు కదలనిదనియుఁ జెప్పుట తఱచు. ఇరువురును సగము సత్యమునే చెప్పుచున్నారు.

2003 డిసెంబరులో 2.6 సంస్కరణము వెలువడిన పిదప బాహ్యముల సంఖ్య మిక్కిలి పెరిగినది. దానికిఁ గారణము సిస్‌ఎఫ్‌ఎస్ అను నేర్పాటు. యంత్రమునందలి ప్రతి పరికరముయొక్క స్థితియుఁ జిన్న చిన్న ఫైలుల రూపమునఁ గనఁబడునట్లు చేయునది యిది. బ్యాటరీలో నెంత శక్తి మిగిలినదో తెలిసికొనుటకు ఒక ఫైలును జదివినఁ జాలును. యంత్రమును నిద్రపుచ్చుటకు వేఱొక ఫైలులో నొక పదము వ్రాసినఁ జాలును. పూర్వము కెర్నెలునకుఁ గ్రొత్త సిస్టమ్ కాల్ ఒకటి చేర్పవలెనన్నఁ బెద్ద చర్చ జరిగెడిది. ఇట్టి ఫైలు నన్ననో యే డ్రైవరు రచయిత యైనను దన యిచ్చ చొప్పునఁ జేర్పఁగలఁడు. చేర్చినవాఁడు దానిని దాత్కాలికముగఁ దలఁచి యుండవచ్చును. చదివినవాఁడు శాశ్వతముగఁ దలఁచి యుండవచ్చును.

ఈ గందరగోళమును దీర్చుటకై 2006లో కెర్నెల్ పత్రములలో ఏబీఐ యను పేర నొక సంపుటము తెఱవఁబడి, దానిలో నాలుగు విభాగము లేర్పఱుపఁబడినవి. అవి స్టేబుల్, టెస్టింగ్, అబ్సొలీట్, రిమూవ్డ్ అనునవి. తెలుఁగున వీనిని స్థిరము, పరీక్ష్యము, జీర్ణము, లుప్తము అనవచ్చును. స్థిరవిభాగమునఁ జేరిన యింటర్‌ఫేసును నెవరైన నిస్సంకోచముగ వాడుకొనవచ్చును. కనీసము రెండేండ్లవఱకు దాని ప్రాఁతరూపము చెడదని హామీ. సిస్టమ్ కాల్‌లవంటివి యెన్నఁడును మాఱవని యాశంస. పరీక్ష్యవిభాగములోనివి చాలవఱకు ముగిసినవే. క్రొత్త గుణములు చేర్పఁబడవచ్చును గాని, ఘోరమైన దోషమో, భద్రతాలోపమో బయటఁబడిననే తప్ప నున్నది చెడఁగొట్టరు. జీర్ణములు ఇంకను గెర్నెలున నున్నవే గాని తొలఁగింపునకు గుఱుతు పెట్టఁబడినవి. ఎందులకు, ఎప్పుడు అనునది వ్రాయఁబడవలెను. లుప్తము లనునవి తొలఁగిపోయినవాని జ్ఞాపకము.

ప్రతి లేఖనమునకు నొక నియతరూపము గలదు: వస్తువు పేరు, తేది, ఏ కెర్నెల్ సంస్కరణమునఁ జేరినది, ఎవరికి వ్రాయవలెను, వివరణము, చివరకు వాడువారు. ఈ కడపటి గడి విశేషమైనది. పరీక్ష్యమగు నింటర్‌ఫేసును వాడు ప్రోగ్రాముల రచయితలు తమ పేరులను ఆ గడిలోఁ జేర్చుకొనవలసినదిగాఁ బ్రోత్సహింపఁబడిరి. మార్పు సంభవించునపుడు వారికిఁ దెలుపుట దీని యుద్దేశము. అది యేమైనదో ముందు తెలియఁగలదు.

పై నాలుగు సంజ్ఞలలో లుప్తవిభాగమే పరిశోధకుల కెక్కువ రుచించును. తొలఁగించినదానిని దొలఁగించితిమని వ్రాసి యుంచుకొను నలవాటు మన యచ్చుపుస్తకములలోనే యంతగా లేదు. రెండవ కూర్పునఁ బద్యము నొకదానిని విడిచిపెట్టిన సంపాదకుఁడు పీఠికలో దాని మాట యెత్తుట యరుదు. ఇచ్చటి మొదటి యుదాహరణము డెవ్‌ఎఫ్‌ఎస్ అను నేర్పాటు. పరికరములకుఁ బేరులు పెట్టు పనిని గెర్నెలే స్వయముగఁ జేయవలెనను తలంపుతో ఇది 2000లో చేర్పఁబడినది. కాని కొన్నేండ్లు పోషకుఁడు లేక పడియుండెను. సవరింప వీలు లేని దోషములు బయటఁబడినవి. పేరులు పెట్టు విధానమును గెర్నెలులో నిరికించుట సరి కాదను నభిప్రాయము బలపడినది. కెర్నెలు వెలుపల నుండి యదే పనిని జేయు యూడెవ్ అను ప్రోగ్రాము సిద్ధమైనది. అంతట డెవ్‌ఎఫ్‌ఎస్ 2005 జూలైలోఁ దొలఁగింపఁబడునని చాటింపఁబడెను. తొలఁగినది మాత్రము 2006లో వెలువడిన 2.6.18 సంస్కరణమున. లుప్తవిభాగములోని పత్రమున నీ రెండును గలవు: అనుకొన్న తేదియు, జరిగిన సంస్కరణమును. ముందటి తేదిని జెఱిపివేయక యుంచుట వ్రాసినవాని నిజాయితీ.

అనుకొన్న తేదికిని జరిగిన తేదికిని నడుమ నున్న యీ యెడమునుండియే వేఱొక పత్రముయొక్క గతి తెలియును. తొలఁగింపఁబడనున్నవాని కాలపట్టిక యను ఫైలొకటి కెర్నెలునఁ జాల యేండ్లుండెను. ఏది, ఎప్పుడు, ఎందులకు, ఎవరు అను నాలుగు గడులు దానిలో నుండెను. తేదులు వ్రాయఁబడుచుండెను, గడచిపోవుచుండెను. వాడువారా పట్టికను జూచుట లేదు. చూచువారు కెర్నెల్ రచయితలే. తమలోఁ దాము చేసికొన్న ప్రకటన యితరులకు హెచ్చరిక యెట్లగును? 2012 అక్టోబరులో టోర్వాల్డ్స్ ఆ పట్టికనే తొలఁగించెను. తొలఁగింపవలసినవాని పట్టిక తానే తొలఁగిపోవుట కొంత వినోదముగఁ దోఁచును గాని, అప్పటికిఁ గలిగిన యొక యనుభవమును జూచిన నది వింత గాదు.

ఆ యనుభవము పవర్‌టాప్ అను ప్రోగ్రామునకు సంబంధించినది. ల్యాప్‌టాప్ బ్యాటరీని యే ప్రోగ్రాము లెక్కువగ హరించుచున్నవో చూపుట దీని పని. ఇందులకది కెర్నెలులో జరుగు సంఘటనల చిట్టాను జదువును. ఆ చిట్టాలోని ప్రతి పద్దునకును దలకట్టుగ సంఘటన జాతి, ప్రోగ్రాము సంఖ్య మున్నగు కొన్ని సామాన్యాంశము లుండును. వానిలో నొకటి నాలుగు బైట్ల స్థలము నాక్రమించిన యొక లెక్క. కెర్నెలంతటికి నొక్కటే తాళము వేయు ప్రాఁత పద్ధతి యొకటి యుండెడిది. ఆ తాళ మెన్ని మాఱులు వేయఁబడినదో తెలుపునది యా లెక్క. 2011లో వెలువడిన 2.6.39 సంస్కరణమున నా తాళమే తొలఁగింపఁబడినది. తాళము లేనపుడు తాళపు లెక్క యెందులకు? ఆ నాలుగు బైట్లును దీసివేయఁబడినవి. పవర్‌టాప్ చెడినది.

ఏలయనఁగా, ఏ యంశ మెచ్చట మొదలగునో, ఎన్ని బైట్లుండునో తెలుపు విషయసూచిక యా చిట్టా ప్రక్కనే ప్రతి సంఘటనకు నొక ఫైలుగ నుండెడిది. సూచికను జదివి, దానిని బట్టి చిట్టాను జదువవలెనని యుద్దేశము. నాఁటి పవర్‌టాప్ సూచికను జదువక, తల మొదలుకొని యిన్ని బైట్లు లెక్కించి తనకుఁ గావలసిన యంశము నేరుగఁ దీసికొనుచుండెను. నాలుగు బైట్లు తగ్గుటతో లెక్క తప్పెను. భారతపద్యమును బేర్కొనునపుడు పర్వాశ్వాసపద్యసంఖ్యల నిచ్చినవాని యుల్లేఖనము ఏ ముద్రణములోనైనఁ జాలవఱకు నిలుచును. తన చేతనున్న ప్రతియందలి పుటసంఖ్య మాత్రమే యిచ్చినవాని యుల్లేఖనము పునర్ముద్రణముతోనే చెడును. అట్లని పుటసంఖ్య నిచ్చినవానిదే తప్పని ముద్రాపకుఁడు వాదింపవచ్చును. కెర్నెల్ పక్షమున నట్టి వాదమునకే యవకాశ ముండెను: సూచిక గలదు, దానిని జదువలేదు, దోషము పవర్‌టాపుది.

వాదము న్యాయమైనదే, నెగ్గలేదు. కెర్నెలును క్రొత్తదానిఁగ మార్చుకొన్న సామాన్యుని యంత్రమున నిన్నటివఱకు నడచిన ప్రోగ్రాము నేఁడు నడవకున్న, సూచిక చదువలేదను సమాధాన మతని కెందులకుఁ బనికివచ్చును? తీసివేసిన నాలుగు బైట్ల చోట నాలుగు శూన్యబైట్లు మరలఁ బెట్టఁబడినవి. లక్షలకొలఁది పద్దులలోఁ బ్రతిదానియందును నే యర్థమును లేని నాలుగు బైట్లు! పవర్‌టాప్ దిద్దఁబడి, దిద్దుబాటైన ప్రతి జనులలో వ్యాపించిన పిదప, 2013లో ఆ శూన్యము తొలఁగింపఁబడినది.

ప్రయోగశరణము వ్యాకరణమని వైయాకరణులు చెప్పు మాట యిచ్చట నక్షరాల నిజమైనది. లక్షణమున నేమి వ్రాసినను, లక్ష్యమున స్థిరపడినదానిని శాస్త్రము త్రోసిపుచ్చఁజాలదు. 2012 డిసెంబరులో వేఱొక సందర్భమున టోర్వాల్డ్స్ మిక్కిలి కటువుగఁ బ్రకటించిన సూత్రమును నిదియే: కెర్నెలులోని మార్పువలన వెలుపలి ప్రోగ్రాము చెడినచో నది కెర్నెల్ దోషమే, ప్రోగ్రామును నిందింపరాదు. ఈ సూత్రమున కొక మఱుప్రక్కయుఁ గలదు. ఎవరును గమనింపనంతగ వాడుక లేనిదానిని దొలఁగించినచో నది చెడఁగొట్టుట గాదు. లినక్సు పుట్టిననాఁడు ప్రోగ్రాము ఫైళ్లకున్న ఏ-అవుట్ అను ప్రాఁతరూపము, ఎల్ఫ్ అను క్రొత్తరూపము వ్యాపించిన చాలకాలమునకు, 2019లో జీర్ణమని ప్రకటింపఁబడి, 2022లో లుప్తమైనది. రెంటికిని బ్రమాణము ప్రయోగమే; ఉన్నచోట విధికి, లేనిచోట లోపమునకు.

ఇట్లు ప్రయోగమే ప్రమాణమగుట మేలే గాని, దానికి మూల్యము గలదు. ఒకమాఱు బయటఁ బెట్టినది యెవఁడైన నాశ్రయించెనేని యిఁక వెనుకకుఁ దీసికొన వీలులేదని తెలిసినవాఁడు, బయటఁ బెట్టుటకే వెనుదీయును. ఫైలువ్యవస్థ లన్నిఁటికిని సామాన్యమగు భాగమున నిట్టి సంఘటనల చిట్టాను జేర్చుటకు దాని పోషకులు చాలకాలము సమ్మతింపలేదు. లోపలి కట్టడము శాశ్వతముగ బిగిసిపోవునను భయమే కారణము. అందువలన నష్టపడినవారు, ఆ చిట్టా యున్నచోఁ దమ యంత్రమునందలి జాడ్యమును గనుఁగొనఁగలిగి యుండువారు. తాత్కాలికమని చెప్పి నమ్మింపఁగల సంజ్ఞ యొకటి యున్నచో నీ చిక్కు లేకపోవును. పరీక్ష్యమను సంజ్ఞ యందులకే పుట్టినది.

కాని పరీక్ష్యవిభాగముయొక్క నేఁటి స్థితిని జూడుఁడు. యంత్రమును నిద్రపుచ్చుట కుపయోగించు పవర్ అను సిస్‌ఎఫ్‌ఎస్ ఫోల్డరునుగూర్చిన పత్రము అందున్నది. దాని తేది 2006 ఆగస్టు. నాఁటినుండి ల్యాప్‌టాప్ మూఁత మూసిన ప్రతిచోట నది పని చేయుచునే యున్నది. సంజ్ఞ మాత్రము పరీక్ష్యమే. స్థిరవిభాగములోని పత్రములకంటెఁ బరీక్ష్యవిభాగములోనివి యనేకరెట్లు. వ్రాసినవాఁడు మొదట నచ్చట నుంచును. తరువాత దానిని స్థిరమునకు మార్చుట యెవరి బాధ్యతయుఁ గాదు. మార్చినవానికి వచ్చు లాభమును లేదు, భారము దప్ప. బహుళమని చెప్పఁబడిన సూత్రమును జూచి యే యుదాహరణమున సంధి యగునో పెద్దల ప్రయోగములనుండియే తెలిసికొనవలసినట్లు, పరీక్ష్యమను మాటను జూచి యది నిలుచునో లేదో లోకమును జూచియే తెలిసికొనవలసి యున్నది. ఎల్లవానికిని నొక్కటియే గుఱుతు పెట్టిన గుఱుతు పెట్టనట్లే. 2020, 2021 సంవత్సరములలో నీ పత్రములన్నియు యంత్రము చదువఁదగిన యేకరూపమునకుఁ దేఁబడి, పత్రము లేని సిస్‌ఎఫ్‌ఎస్ ఫైలులను వెదకి చూపు సాధనమును గల్పింపఁబడినది. పత్రము లేనివానిని గనిపెట్టుట కది చాలును; పత్రమున్నను సత్యము తప్పినవానిని గనిపెట్టఁజాలదు.

మెట్లను హెచ్చించినచో స్పష్టత హెచ్చునని తలఁచినవారును గలరు. నోడ్ అను ప్రఖ్యాత ప్రోగ్రాముయొక్క పత్రములలో మొదట సున్న మొదలు అయిదు వఱకు ఆఱు మెట్లుండెడివి: త్యాజ్యము, ప్రయోగాత్మకము, అస్థిరము, స్థిరము, ఘనీభూతము, ముద్రితము. చివరి మూఁటికిని గల భేదము చదువరికిఁ దెలియుట కష్టము. పిదప నా మెట్లు తగ్గింపఁబడినవి.

సంజ్ఞకు బలము వచ్చుటకు మఱొక త్రోవ రస్ట్ అను ప్రోగ్రామింగు భాషలోఁ గనఁబడును. ఇదియు నోపెన్ సోర్సే. 2015 మే 15వ తేదిని దాని 1.0 సంస్కరణము వెలువడినది. నాఁటినుండి యాఱువారముల కొక స్థిరసంస్కరణము వచ్చుచున్నది. దానితోపాటు రాత్రిరాత్రికిఁ దయారగు నైట్‌లీ ప్రతియు గలదు. అస్థిరమని గుఱుతు పెట్టిన సౌకర్యమును స్థిరసంస్కరణములోని కంపైలరు అంగీకరింపదు. నైట్‌లీ ప్రతిని దెచ్చుకొని, ఫలాని యస్థిరసౌకర్యమును వాడుచున్నానని ప్రోగ్రాము మొదటనే పేర్కొన్నఁ గాని పని జరుగదు. స్థిరమైనదానికి నే సంస్కరణమున స్థిరమైనదో సంఖ్య గలదు. కెర్నెలునకును దీనికిని గల భేదము సంజ్ఞలోఁ గాదు, సంజ్ఞ యున్న చోటున. అక్కడ నది సంపుటములో నొక మూల నున్నది. ఇక్కడ గుమ్మమున నున్నది. పవర్‌టాప్ రచయిత సూచికను జదువక పోఁగలిగెను. రస్ట్ రచయిత తన చేతితోఁ దాను పేరు వ్రాయక లోనికిఁ బోలేఁడు. గడి నింపుమని బ్రతిమాలుటకంటె నిది మేలైన పద్ధతి యనుటకు సందేహము లేదు.

కెర్నెల్ పత్రములలోని వాడువారి గడి యేమైనదని చూచినచో, అనేకపత్రములలో నది శూన్యము. పెక్కింట గడియే లేదు. డెవ్‌ఎఫ్‌ఎస్ పత్రమునఁ గూడ నా మాట ప్రక్క నేమియు వ్రాయఁబడలేదు. పత్రమువలనఁ గలుగఁదగిన మేలంతయు నిచ్చటనే యుండెను. ఒకఁడు తన ప్రోగ్రాము దేనిపై నిలిచినదో ముందుగఁ జెప్పుకొన్నచో, చెడిన పిదప మొఱపెట్టుకొను పని తప్పును. ఇచ్చువాఁడును దన మాట యెవరికిఁ దగులునో యెఱిఁగి చెప్పఁగలుగును. స్థిరమని వ్రాయుట మాట యిచ్చుటయే గాని, ఎవరికిచ్చినదో తెలియని మాటను నిలుపుకొనుటయుఁ గష్టమే, సడలించుటయుఁ గష్టమే.

ఈ రెండు సంప్రదాయములు నిటీవల నొకచోటఁ గలిసినవి. 2022 డిసెంబరులో వెలువడిన 6.1 సంస్కరణమున రస్ట్ భాషలో వ్రాసిన భాగములకు లినక్స్ కెర్నెలున స్థానము కలిగినది. కెర్నెలునకుఁ గావలసిన సౌకర్యములు కొన్ని రస్టులో నప్పటి కస్థిరములే. వానిని స్థిరసంస్కరణములోని కంపైలరు కూడ నంగీకరించునట్లు చేయు నంతరంగపు మీట యొకటి కలదు. అది రస్టును నిర్మించువారి సొంత యుపయోగమునకై యేర్పడినది. కెర్నెల్ రచయితలు దానిని వాడుకొనిరి. తమ యింటర్‌ఫేసుల విషయమున వెలుపలివారి కింత స్థిరత్వము నిచ్చువారు, ఇంకొకరి యస్థిరమును దెలిసి తెలిసి యాశ్రయించిరి. కాని యేయే యస్థిరములను వాడుచున్నారో పేరుపేరునఁ జాబితా వ్రాసి యందఱకుఁ దెలియఁజేసిరి. ఆ జాబితా రస్ట్ రచయితల చేతికిఁ జేరినది. స్థిరసంస్కరణముతోనే లినక్సును నిర్మించుటకుఁ గల ప్రధానమగు నడ్డంకులను దొలఁగించుట 2024 ద్వితీయార్ధమునకుఁ దమ ముఖ్యలక్ష్యములలో నొకటిగ వారు ప్రకటించిరి.

ఆ జాబితాలోని వానిలో నొకటి, ఒక కట్టడములోని యంశము దాని మొదలినుండి యెన్ని బైట్ల దూరమున నున్నదో కంపైలరు చేతనే లెక్కింపించు సౌకర్యము. పవర్‌టాప్ చేతితో లెక్కించి పొరపడినదియు నిట్టి లెక్కనే. ఇది సామాన్యరూపమున 2024 మార్చిలో 1.77 సంస్కరణమునందును, కెర్నెలు కోరిన విస్తృతరూపమున నదే సంవత్సరము అక్టోబరులో 1.82 సంస్కరణమునందును స్థిరమైనది.